పిలవకుండానే పలికే మెథడ్లు

కొన్నేళ్ల క్రితం మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకబ్బాయి, మంచి ఉత్సాహంతో, రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత కోడ్ శుభ్రం చేసే పని పెట్టుకున్నాడు. ఎక్కడా వాడని మెథడ్లు వెతికి తీసెయ్యడం అన్నమాట. ఒక మాడ్యూల్లో (క్లాసుల్లో కలుపుకునే మెథడ్ల మూటలో) 'ఇన్‌క్లూడెడ్' అనే మెథడ్ కనబడింది. ప్రాజెక్ట్ అంతా గాలించాడు. దాన్ని పిలిచిన లైను ఒక్కటీ దొరకలేదు. తీసేశాడు. టెస్టులు నడిపితే సగం ఎర్రగా వచ్చాయి, అదీ ఆ ఫైలుతో ఏ సంబంధమూ లేనట్టు కనిపించే క్లాసుల్లో. నా దగ్గరికొచ్చి, "అన్నా, దీన్ని ఎవరూ పిలవట్లేదు కదా, తీసేస్తే ఎందుకు పగిలింది?" అన్నాడు.

"మనం పిలవట్లేదు, రూబీ పిలుస్తోంది" అన్నాను. జవాబు సరైనదే గానీ దానివల్ల అతనికి ఒరిగిందేమీ లేదు. రూబీ ఎప్పుడు పిలుస్తుంది, ఎవరి మీద పిలుస్తుంది, పిలిచేటప్పుడు చేతికి ఏమిస్తుంది అన్న మూడూ తెలిస్తే తప్ప, మనం పిలవకుండా భాషే పిలిచే ఈ కాల్‌బ్యాక్ మెథడ్లు అర్థం కావు. వాటిలోనూ 'ఎప్పుడు' అన్నదే అసలు చిక్కు. నేను చూసిన గందరగోళంలో ఎక్కువ భాగం అక్కడ మొదలైనదే.

ముందుగా ఒక అపార్థం తొలగించుకుందాం. రూబీతో వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ రైల్స్. రైల్స్‌లో పనిచేసేవాళ్లకి కాల్‌బ్యాక్ అనగానే 'బిఫోర్_సేవ్', 'ఆఫ్టర్_కమిట్' లాంటివి గుర్తొస్తాయి. అవి ఫ్రేమ్‌వర్క్ పెట్టినవి. ఒక రికార్డు సేవ్ అయ్యేటప్పుడో, డిలీట్ అయ్యేటప్పుడో పలుకుతాయి. ఇక్కడ చెప్పబోయేవి రూబీ భాషలోనే ఉన్నవి. ఇవి డేటాలో జరిగే మార్పుకి కాదు, కోడ్ నిర్మాణంలో జరిగే మార్పుకి పలుకుతాయి. ఒక మాడ్యూల్ ఇంకో క్లాసులో కలిసినప్పుడు, ఒక క్లాసుకి పిల్ల క్లాసు పుట్టినప్పుడు, ఒక కొత్త మెథడ్ తయారైనప్పుడు. వీటినే హుక్ మెథడ్లు అని కూడా అంటారు. నేనూ రెండు మాటలూ కలిపి వాడేస్తాను.

క్లాస్ రాయడం అంటే కోడ్ నడపడమే

జావా నేర్చుకుని రూబీకి వచ్చినవాళ్లకి (మన దగ్గర చాలామంది దారి అదే) ఒక అలవాటు గట్టిగా ఉంటుంది. క్లాస్ అంటే ఒక ప్రకటన అనుకుంటారు. కంపైలర్ దాన్ని ముందే చదివేసుకుంటుంది, ప్రోగ్రామ్ తర్వాతెప్పుడో నడుస్తుంది, ఈ రెండూ వేరువేరు దశలు అని.

రూబీలో అలా కాదు. క్లాస్ అనే మాట దగ్గర్నుంచి దాని ఎండ్ దాకా ఉన్నదంతా మామూలు కోడ్‌లాగే పైనుంచి కిందికి ఒక్కొక్క లైనూ నడుచుకుంటూ పోతుంది. నమ్మకం కుదరకపోతే క్లాస్ మధ్యలో, ఏ మెథడ్‌లోనూ కాకుండా, ఊరికే ఒక 'పుట్స్' లైను రాసి ఫైలు లోడ్ చెయ్యండి. ఆబ్జెక్ట్ ఒక్కటి కూడా తయారు చెయ్యకుండానే ఆ లైను స్క్రీన్ మీద పడుతుంది. 'డెఫ్' కూడా అంతే. ఆ లైనుకి వచ్చినప్పుడే మెథడ్ పుడుతుంది, అంతకు ముందు లేదు. 'ప్రైవేట్', 'అట్రిబ్యూట్ యాక్సెసర్' లాంటివి కీవర్డుల్లా కనిపిస్తాయి గానీ అవీ మెథడ్ పిలుపులే. 'ఇన్‌క్లూడ్' కూడా మెథడే.

ఈ ఒక్క సంగతి తలకెక్కితే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది. క్లాస్ నిర్మాణం ఒక ప్రయాణమైతే దారిలో కొన్ని స్టేషన్లున్నాయి. ఒక్కో స్టేషన్ దగ్గర రూబీ ఆగి, ఫలానా పేరుతో ఉన్న మెథడ్‌ని పిలిచి, ముందుకు కదులుతుంది. ఆ మెథడ్లు ముందునుంచీ ఉన్నవే. రూబీ వాటిని ఖాళీగా, లోపల ఏమీ లేకుండా, ప్రైవేట్‌గా పెట్టి ఉంచింది. అందుకే మనం ఏమీ రాయకపోయినా ఎర్రర్ రాదు. మనం 'ఇన్‌క్లూడెడ్' రాశామంటే కొత్తగా ఏదో కనిపెట్టినట్టు కాదు, ఎప్పుడూ మోగే గంటకి ఈసారి తలుపు తీసే మనిషిని పెట్టాం, అంతే.

ఇన్‌క్లూడెడ్

యుకిహిరో మత్సుమోతో 1995లో రూబీని బయటికి విడుదల చేసినప్పుడు ఒక క్లాసుకి ఒకే తల్లి క్లాసు అన్న నియమం పెట్టుకున్నాడు. మరి పది క్లాసులకి ఉమ్మడిగా కావలసిన పనులు ఎక్కడ పెట్టాలి? మాడ్యూల్లో. మాడ్యూల్‌ని ఎన్ని క్లాసుల్లోనైనా కలుపుకోవచ్చు. కలపడం అంటే కాపీ చెయ్యడం కాదు. ప్రతి క్లాసుకీ ఒక వరస ఉంటుంది, రూబీ దాన్ని 'యాన్సెస్టర్స్' అంటుంది. మెథడ్ పిలుపు రాగానే ఆ వరసలో మొదటివాళ్ల దగ్గర్నుంచి అడుగుతూ వెళుతుంది. ఎవరి దగ్గర దొరికితే అక్కడ ఆగుతుంది. 'ఇన్‌క్లూడ్' చేస్తే మాడ్యూల్ ఆ వరసలో క్లాసు వెనకాలే వచ్చి నిలబడుతుంది.

ఇక్కడ ఒక లోటుంది. మాడ్యూల్లోని మామూలు మెథడ్లు ఆ క్లాసు ఆబ్జెక్టులకి వస్తాయి గానీ, క్లాసు మీదే నేరుగా పిలవాల్సిన మెథడ్లు రావు. ఉదాహరణకి ఆర్టికల్, వీడియో అని రెండు క్లాసులున్నాయి. రెండిటికీ ట్యాగులు పెట్టే సౌకర్యం కావాలి, దానికోసం 'ట్యాగబుల్' అని ఒక మాడ్యూల్ రాశాం. ఒక ఆర్టికల్‌కున్న ట్యాగులు చూపించే మెథడ్ ఆబ్జెక్టుకి సంబంధించింది, అది ఇన్‌క్లూడ్‌తో వచ్చేస్తుంది. కానీ 'సినిమా' అన్న ట్యాగున్న ఆర్టికల్స్ అన్నీ వెతికి తెచ్చే మెథడ్ ఏ ఒక్క ఆర్టికల్‌దీ కాదు, ఆర్టికల్ అనే క్లాసుది. అది రావాలంటే క్లాసుని విడిగా 'ఎక్స్‌టెండ్' చెయ్యాలి (మాడ్యూల్ మెథడ్లని ఆ క్లాసుకే నేరుగా తగిలించాలి). అంటే ఈ మాడ్యూల్ వాడే ప్రతివాడూ రెండు లైన్లు గుర్తుపెట్టుకుని రాయాలి. ఎవరో ఒకరు ఒకటి మర్చిపోతారు. అది ఖాయం.

ఈ లోటు పూడ్చడానికే 'ఇన్‌క్లూడెడ్' హుక్‌ని జనం ఎక్కువగా వాడారు. ట్యాగబుల్ లోపల 'క్లాస్‌మెథడ్స్' అని చిన్న మాడ్యూల్ ఒకటి రాసి, క్లాసుకి కావలసిన మెథడ్లన్నీ అందులో పెడతారు. తర్వాత ట్యాగబుల్ మీద 'ఇన్‌క్లూడెడ్' రాస్తారు. దానికి ఒక ఆర్గ్యుమెంట్ వస్తుంది, సంప్రదాయంగా దాన్ని 'బేస్' అని పిలుస్తారు. నన్ను ఏ క్లాసులో కలుపుకున్నారో ఆ క్లాసే బేస్. హుక్ లోపల రాసేది ఒకే ముక్క: బేస్‌ని క్లాస్‌మెథడ్స్‌తో ఎక్స్‌టెండ్ చెయ్యి. ఇక వాడేవాళ్లు 'ఇన్‌క్లూడ్ ట్యాగబుల్' అని ఒక లైను రాస్తే రెండు రకాల మెథడ్లూ వస్తాయి. మా కుర్రాడు తీసేసింది సరిగ్గా ఇలాంటి మూడు లైన్ల హుక్కే.

లోపల నిజానికి రెండు అడుగులున్నాయి. 'ఇన్‌క్లూడ్' అనగానే రూబీ మాడ్యూల్ మీద ముందు 'అపెండ్_ఫీచర్స్' అనే మెథడ్‌ని పిలుస్తుంది. మాడ్యూల్‌ని వరసలో నిలబెట్టే అసలు పని చేసేది అది. ఆ తర్వాత 'ఇన్‌క్లూడెడ్'ని పిలుస్తుంది. పేరు చూడండి, జరిగిపోయినదాన్ని చెబుతోంది. హుక్ పలికే వేళకి మాడ్యూల్ అప్పటికే లోపల కుదురుకుని ఉంటుంది. కాబట్టి హుక్ ఏమీ చెయ్యకపోయినా కలయిక ఆగదు. కానీ 'అపెండ్_ఫీచర్స్'ని తిరగరాసి అందులో 'సూపర్' (వరసలో తర్వాత ఉన్న అదే పేరు మెథడ్‌ని నడిపే మాట) పిలవడం మరిచిపోయారో, ఇన్‌క్లూడ్ లైను ఉంటుంది, కలయిక మాత్రం జరగదు. అందుకే మామూలు పనులకి దాని జోలికి వెళ్లకూడదు. దాని జోలికి వెళ్లక తప్పని సందర్భం ఒకటి కాసేపట్లో వస్తుంది.

ఇక కొత్తవాళ్లు తప్పకుండా పడే గొయ్యి ఒకటి. హుక్‌ని 'డెఫ్ సెల్ఫ్ డాట్ ఇన్‌క్లూడెడ్' అని రాయాలి. సెల్ఫ్ అంటే ఇక్కడ ఆ మాడ్యూలే. ఆ 'సెల్ఫ్' మర్చిపోతే ఏమవుతుంది? ఎర్రర్ రాదు. హెచ్చరిక కూడా రాదు. ఇన్‌క్లూడెడ్ అనే పేరుతో ఒక సాదాసీదా మెథడ్ పుట్టి, ప్రతి ఆర్టికల్ ఆబ్జెక్టుకీ వచ్చి చేరుతుంది, రూబీ మాత్రం దాన్ని హుక్‌గా చూడదు. ఎందుకంటే రూబీ అడిగేది మాడ్యూల్‌ని, దాన్ని కలుపుకున్న క్లాసు ఆబ్జెక్టుని కాదు. హుక్ పలకట్లేదని ఎవరైనా నా దగ్గరికొస్తే మొదట చూసేది ఈ సెల్ఫ్ ఉందా లేదా అనే. రెండోది, వాళ్లు ఇన్‌క్లూడ్ చేశారా, ఎక్స్‌టెండ్ చేశారా అని. ఎక్స్‌టెండ్ చేస్తే 'ఇన్‌క్లూడెడ్' పలకదు, దానికి వేరే హుక్ ఉంది.

ఇంకో విచిత్రం. ఒకే మాడ్యూల్‌ని ఒకే క్లాసులో రెండుసార్లు ఇన్‌క్లూడ్ చేస్తే వరసలో అది రెండుసార్లు రాదు, రూబీ జాగ్రత్త పడుతుంది. కానీ హుక్ మాత్రం రెండుసార్లూ పలుకుతుంది. హుక్‌లో ఎక్స్‌టెండ్ లైను తప్ప ఇంకేమీ లేకపోతే నష్టం లేదు. లోపల ఒక లిస్టుకి ఏదైనా కలపడమో, లెక్క పెంచడమో చేస్తుంటే మాత్రం లెక్క తప్పుతుంది. అలాగే ఒకే లైనులో కామా పెట్టి రెండు మాడ్యూళ్లు ఇస్తే రూబీ కుడివైపు నుంచి మొదలుపెడుతుంది. మొదట రాసిన మాడ్యూల్ వరసలో ముందు ఉండాలి కదా, అందుకని. దాంతో రెండోదాని హుక్ ముందు పలుకుతుంది. హుక్‌లు ఒకదాని మీద ఒకటి ఆధారపడితే ఈ చిన్న విషయం ఒక మధ్యాహ్నం మొత్తం తినేస్తుంది.

మాడ్యూల్లో మాడ్యూల్ ఉంటే

అసలు తలనొప్పి ఇక్కడ. 'సెర్చబుల్' అని ఇంకో మాడ్యూల్ రాశాం అనుకోండి, దానికి ట్యాగులు కూడా కావాలి. సహజంగా సెర్చబుల్ లోపల ట్యాగబుల్‌ని ఇన్‌క్లూడ్ చేస్తాం. తర్వాత ఆర్టికల్‌లో సెర్చబుల్‌ని మాత్రం ఇన్‌క్లూడ్ చేస్తాం. ట్యాగబుల్ దాంతోపాటే వస్తుందిలే అని ధీమా.

ఆబ్జెక్టు మెథడ్లు వస్తాయి. క్లాసు మెథడ్లు రావు. ఎందుకు? ట్యాగబుల్ హుక్ పలికింది ఎప్పుడో చూడండి. సెర్చబుల్ ఫైలు లోడ్ అయినప్పుడు. అప్పుడు దాని చేతికొచ్చిన బేస్ సెర్చబుల్. పాపం హుక్ తన పని తాను చేసింది, సెర్చబుల్ అనే మాడ్యూల్‌కి క్లాస్‌మెథడ్స్ తగిలించి వెళ్లిపోయింది. ఆర్టికల్ ఊసే దానికి తెలియదు. తర్వాత ఆర్టికల్‌లో సెర్చబుల్ కలిసినప్పుడు పలికేది సెర్చబుల్ హుక్ ఒక్కటే. పెళ్లిపత్రిక ఊళ్లోకి వచ్చింది గానీ పక్కింట్లో ఇచ్చి వెళ్లిపోయారు. పైగా హుక్‌లో రైల్స్ వాళ్ల 'హ్యాజ్_మెనీ' లాంటి పిలుపు ఉంటే ఇంకా నయం, మాడ్యూల్‌కి ఆ మెథడ్ తెలియదు కాబట్టి అక్కడికక్కడే ఎర్రర్ వచ్చి తప్పు బయటపడుతుంది.

దీనికి చాలాకాలం జనం చేసిన మందు ఏమిటంటే, ఆర్టికల్‌లోనే రెండు మాడ్యూళ్లనీ విడివిడిగా, సరైన క్రమంలో ఇన్‌క్లూడ్ చెయ్యడం. అంటే సెర్చబుల్ లోపలి అవసరం ఏమిటో దాన్ని వాడేవాడికి తెలియాలి. మాడ్యూల్ పెట్టుకున్నదే ఆ బాధ లేకుండా ఉండటానికి కదా. 2010లో రైల్స్ 3.0తో పాటు వచ్చిన 'యాక్టివ్‌సపోర్ట్ కన్సర్న్' ఈ ముడి విప్పింది.

కన్సర్న్ చూడటానికి మహత్యంలా ఉంటుంది గానీ దాని కోడ్ చాలా చిన్నది, ఒకసారి తెరిచి చదవమని ఎవరికైనా చెబుతాను. అది చేసే యుక్తి 'అపెండ్_ఫీచర్స్' దగ్గర ఉంది. తనని కలుపుకుంటున్నది ఇంకో కన్సర్న్ మాడ్యూలే అయితే, ఇప్పుడు కలవను అని ఆగిపోతుంది. ఆగిపోతూ, నీకు నేను అవసరం అని ఆ మాడ్యూల్ దగ్గర చీటీ రాసి పెడుతుంది. చివరికి నిజమైన క్లాసు వచ్చినప్పుడు ఆ చీటీలన్నీ బయటికి తీసి, ముందు వాటిని ఆ క్లాసులో కలిపి, తర్వాత తాను కలిసి, క్లాస్‌మెథడ్స్ ఉంటే తగిలించి, చివర్లో మనం 'ఇన్‌క్లూడెడ్ డు' అని ఇచ్చిన బ్లాకుని ఆ క్లాసు లోపల నడుపుతుంది. క్లాసులో తాను అప్పటికే ఉంటే ఇదంతా చెయ్యకుండా వెనక్కి తిరుగుతుంది. కాబట్టి రెండుసార్లు ఇన్‌క్లూడ్ చేసినా బ్లాకు ఒకసారే నడుస్తుంది. పైన చెప్పుకున్న లెక్క తప్పే సమస్య కూడా పోయిందన్నమాట.

మొత్తానికి కన్సర్న్ చేసింది హుక్ పలికే వేళని వాయిదా వెయ్యడం. మెథడ్లేవీ మారలేదు, సమయం మారింది. రైల్స్ 4.2 నుంచి 'క్లాస్_మెథడ్స్' అనే బ్లాకు కూడా ఇచ్చారు, విడిగా మాడ్యూల్ రాసే పని కూడా తగ్గింది. ఒక్క మాట. కన్సర్న్‌లో రాసే 'ఇన్‌క్లూడెడ్' బ్లాకు, మామూలు రూబీ 'ఇన్‌క్లూడెడ్' మెథడ్ ఒకటే పేరుతో ఉన్నా ఒకలా ఉండవు. మామూలు హుక్‌లో సెల్ఫ్ అంటే మాడ్యూల్, క్లాసు ఆర్గ్యుమెంట్‌గా వస్తుంది. కన్సర్న్ బ్లాకులో సెల్ఫే క్లాసు. ఒకదాని అలవాటుతో రెండోది రాస్తే తికమకే.

ఎక్స్‌టెండెడ్, ప్రిపెండెడ్

వీటి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, స్వభావం ఒకటే. ఒక ఆబ్జెక్టుని మాడ్యూల్‌తో ఎక్స్‌టెండ్ చేస్తే 'ఎక్స్‌టెండెడ్' పలుకుతుంది, చేతికి ఆ ఆబ్జెక్ట్ వస్తుంది. రూబీలో క్లాసు కూడా ఒక ఆబ్జెక్టే కాబట్టి క్లాసుని ఎక్స్‌టెండ్ చేస్తే క్లాసే వస్తుంది. 'ప్రిపెండ్' రూబీ 2.0తో, 2013లో వచ్చింది, దాంతోపాటే 'ప్రిపెండెడ్' హుక్ కూడా. ఇన్‌క్లూడ్ చేస్తే మాడ్యూల్ వరసలో క్లాసు వెనక నిలబడుతుందన్నాం కదా, ప్రిపెండ్ చేస్తే క్లాసుకంటే ముందు నిలబడుతుంది. అంటే క్లాసు సొంత మెథడ్ కంటే ముందు మాడ్యూల్ మెథడ్ దొరుకుతుంది, అది 'సూపర్' అంటే అప్పుడు క్లాసు మెథడ్ నడుస్తుంది. పాత మెథడ్‌కి వేరే పేరు పెట్టి దాచి, కొత్తది రాసి, అందులోంచి పాతదాన్ని పిలిచే 'అలయాస్_మెథడ్_చైన్' అనే పాత రైల్స్ పద్ధతి దీనివల్లే మూలపడింది. రైల్స్ 5.0లో దాన్ని వదిలెయ్యమని చెప్పి, 5.1లో తీసేశారు. దాంతో డిబగ్ చేసినవాళ్లెవరూ దానికోసం కన్నీరు పెట్టుకున్నట్టు నాకు తెలియదు.

ఇన్హెరిటెడ్: బిడ్డ పేరు తెలుసు, మొహం తెలియదు

ఇది మాడ్యూల్‌ది కాదు, క్లాసుది. కానీ అదే కుటుంబం. ఒక క్లాసుకి పిల్ల క్లాసు పుట్టగానే తల్లి మీద 'ఇన్హెరిటెడ్' పలుకుతుంది, పిల్ల చేతికొస్తుంది. టెస్టులు నడిపే లైబ్రరీ మినిటెస్ట్ మన టెస్ట్ క్లాసుల్ని ఎలా కనిపెడుతుందని ఎప్పుడైనా అనుకున్నారా? ఎక్కడా నమోదు చెయ్యం, ఊరికే మినిటెస్ట్ వాళ్ల టెస్ట్ క్లాసు నుంచి వారసత్వం తీసుకుంటాం. అది ఇన్హెరిటెడ్‌లో పిల్ల క్లాసుని ఒక లిస్టులో రాసుకుంటుంది. తర్వాత ఆ లిస్టు తిరగేసి టెస్టులన్నీ నడుపుతుంది.

చిక్కు మళ్లీ సమయం దగ్గరే. ఈ హుక్ పలికేది పిల్ల క్లాసు మొదటి లైను దగ్గర, దాని లోపలి కోడ్ ఒక్కటి కూడా నడవకముందు. కాబట్టి హుక్‌లో పిల్ల క్లాసు మెథడ్లేమిటని అడిగితే దాని సొంత మెథడ్లు ఒక్కటీ ఉండవు. పేరు మాత్రం తెలుస్తుంది. 'క్లాస్ డాట్ న్యూ' అని పేరు లేకుండా పుట్టిస్తే ఆ పేరూ ఉండదు, నిల్ వస్తుంది. మినిటెస్ట్ తెలివి ఇక్కడే ఉంది. హుక్‌లో క్లాసుని గుర్తుపెట్టుకుంటుందే తప్ప లోపల టెస్టులేమున్నాయని అప్పుడు చూడదు. అన్నీ లోడ్ అయ్యాక చూస్తుంది. హుక్‌లో పేరు రాసుకో, పని తర్వాత చెయ్యి. దీన్ని నేను చేదు అనుభవంతో నేర్చుకున్నాను.

ఆ అనుభవం ఇదీ. రిపోర్టులు తయారుచేసే ఒక సిస్టమ్‌లో పనిచేశాను. 'రిపోర్ట్' అని తల్లి క్లాసు, రోజువారీ అమ్మకాలు, రిఫండ్లు లాంటివన్నీ పిల్ల క్లాసులు. స్క్రీన్ మీద రిపోర్టుల జాబితా చూపించాలి. ఇన్హెరిటెడ్‌లో లిస్టు కట్టాను. సర్వర్లో జాబితా నిండుగా వచ్చేది. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్కోసారి ఖాళీ, ఒక్కోసారి రెండు, ఇంకోసారి అయిదు. రెండు రోజులు టెన్షన్ పడ్డాక అర్థమైంది. ప్రొడక్షన్‌లో రైల్స్ ఫైళ్లన్నీ ముందే లోడ్ చేస్తుంది. డెవలప్‌మెంట్‌లో ఆ క్లాసు పేరు ఎక్కడైనా తగిలితేనే లోడ్ చేస్తుంది. ఫైలు లోడ్ కాలేదంటే క్లాసు పుట్టలేదు, క్లాసు పుట్టకపోతే హుక్ పలకదు. నేను అంతకుముందు ఏ రిపోర్టులు తెరిచానో అవే జాబితాలో వస్తున్నాయి. జాబితా అడిగే ముందు ఆ ఫోల్డర్ మొత్తం లోడ్ చేయిస్తే సరిపోయింది.

పిల్ల క్లాసుల జాబితా కోసమే అయితే ఇప్పుడు ఇన్హెరిటెడ్ రాయక్కర్లేదు. రూబీ 3.1 నుంచి 'సబ్‌క్లాసెస్' అనే మెథడ్ ఉంది, నేరుగా అడగొచ్చు. లోడ్ కానివి దానికీ తెలియవు, ఆ బెడద మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇన్హెరిటెడ్ రాయక తప్పనప్పుడు 'సూపర్' పిలవడం మరవకండి. పై క్లాసుకి కూడా తన సొంత ఇన్హెరిటెడ్ ఉండొచ్చు. రైల్స్ మోడల్ క్లాసులకి ఉంది కూడా. మీరు సూపర్ పిలవకపోతే దాని పని ఆగిపోతుంది, ఎర్రర్ ఇంకెక్కడో వస్తుంది.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది, చాలామంది గమనించరు. 'ఇన్హెరిటెడ్' మనవరాళ్లకీ పలుకుతుంది. తల్లి క్లాసు మీద రాసిన క్లాసు మెథడ్లు పిల్ల క్లాసుకి వస్తాయి కాబట్టి, పిల్లకి పిల్ల పుట్టినా అదే హుక్. మాడ్యూల్ మీద రాసిన 'ఇన్‌క్లూడెడ్' అలా కాదు. మాడ్యూల్‌కి సొంతమైన మెథడ్లు ఇన్‌క్లూడ్ ద్వారా ఎవరికీ సంక్రమించవు. పైన సెర్చబుల్ కథలో ఆర్టికల్ దాకా కబురు చేరకపోవడానికి మూలం ఇదే.

మెథడ్_యాడెడ్

ఒక క్లాసులో కొత్త మెథడ్ పుట్టిన ప్రతిసారీ ఈ హుక్ పలుకుతుంది. మెథడ్ పేరు, రూబీలో పేర్లకి వాడే విలువ అయిన సింబల్‌గా చేతికొస్తుంది. రూబీలో మెథడ్ పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. 'డెఫ్ పలకరించు' అని రాస్తే హాయిగా పనిచేస్తుంది, హుక్‌కి 'పలకరించు' అనే సింబల్ వస్తుంది. క్లాసు పేరు మాత్రం తెలుగులో పెట్టలేం. క్లాసు పేరు పెద్దక్షరంతో మొదలవ్వాలని రూబీ పట్టు, మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవాయె.

దీన్ని బాగా వాడుకున్నది 'థార్' అనే లైబ్రరీ. టెర్మినల్‌లో నడిచే కమాండ్లు రాయడానికి వాడతారు, రైల్స్ జనరేటర్లు కూడా దాని మీదే నడుస్తాయి. అందులో ముందు ఒక వివరణ లైను రాసి, దాని కింద మెథడ్ రాస్తాం. ఆ మెథడ్ కమాండ్ అయిపోతుంది. పై లైనుకీ కింది మెథడ్‌కీ ముడి ఎక్కడ పడింది? వివరణ లైను నడిచినప్పుడు థార్ దాన్ని జేబులో వేసుకుంటుంది, వెంటనే తర్వాత పలికిన మెథడ్_యాడెడ్‌లో బయటికి తీసి ఆ మెథడ్‌కి అంటిస్తుంది. టైపులు సరిచూసే 'సోర్బే'లో మెథడ్ పైన రాసే 'సిగ్' లైను కూడా ఇదే కిటుకు. క్లాస్ బాడీ పైనుంచి కిందికి నడుస్తుంది కాబట్టే ఇది సాధ్యం.

ప్రమాదం కూడా పెద్దదే. కొత్త మెథడ్ పుట్టగానే దాన్ని ఇంకో కోడ్‌లో చుట్టి అదే పేరుతో మళ్లీ తయారు చేద్దాం అనిపిస్తుంది, ప్రతి పిలుపుకీ ఎంత సమయం పట్టిందో లాగ్ చెయ్యడానికి. కానీ మళ్లీ తయారు చెయ్యడం కూడా మెథడ్ పుట్టడమే. హుక్ మళ్లీ పలుకుతుంది, అది మళ్లీ చుడుతుంది, మళ్లీ పలుకుతుంది. చివరికి స్టాక్ నిండిపోయి ప్రోగ్రామ్ చస్తుంది. 'ఇప్పుడు నేనే చుడుతున్నాను' అని ఒక జెండా ఎత్తి, పని అయ్యాక దించాలి. దానికి తోడు 'అలయాస్' పెట్టినా ఈ హుక్ పలుకుతుంది, అది లెక్కలో పెట్టుకోకపోతే ఇంకో తంటా.

నా మటుకు నేను ఇప్పుడు దీన్ని దాదాపు వాడను. రూబీ 2.1 నుంచి 'డెఫ్' తన మెథడ్ పేరుని సింబల్‌గా తిరిగిస్తుంది. కాబట్టి చుట్టే పనిని ఒక మామూలు క్లాసు మెథడ్‌గా రాసి, దాని పేరు 'డెఫ్' ముందు పెడితే చాలు. 'ప్రైవేట్ డెఫ్' అని ఒకే లైనులో రాయగలగడం కూడా ఇందువల్లే. చదివేవాడికి ఏ మెథడ్ మీద ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది.

ఇదే హుక్‌కి ఇంకో రూపం 'సింగిల్టన్_మెథడ్_యాడెడ్'. ఒక ఆబ్జెక్టుకే సొంతమైన మెథడ్ పుట్టినప్పుడు పలుకుతుంది. క్లాసు మీద దీన్ని రాసి నడిపి చూడండి, రాయగానే పలుకుతుంది. ఎందుకంటే అది కూడా ఆ క్లాసుకే సొంతమైన మెథడ్ కదా. పుట్టీపుట్టగానే తన పుట్టుకని తానే చాటుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నవ్వాగలేదు నాకు.

కుటుంబంలో కొత్తగా చేరింది 'కాన్‌స్ట్_యాడెడ్', రూబీ 3.2తో వచ్చింది. ఒక మాడ్యూల్లో పెద్దక్షరంతో మొదలయ్యే పేరు, అంటే కొత్త కాన్‌స్టెంట్ చేరినప్పుడు పలుకుతుంది. మామూలు అప్లికేషన్లు రాసేవాళ్లకి దీంతో పని తక్కువ. రైల్స్‌లో ఫైళ్లు లోడ్ చేసే 'జైట్‌వర్క్' లాంటివాటికి పనికొస్తుంది. అది తన 2.7 వెర్షన్ నుంచి దీన్నే వాడుతోంది.

హుక్ పెట్టాలా వద్దా

రూబీలో అందరూ మెచ్చుకునే మాడ్యూళ్లు రెండు, 'కంపేరబుల్', 'ఎన్యూమరబుల్'. రెండిటిలోనూ ఒక్క హుక్ లేదు. నీ క్లాసులో 'ఈచ్' ఒక్కటి రాయి, మ్యాప్, సెలెక్ట్, సార్ట్ అన్నీ నేనిస్తాను అంటుంది ఎన్యూమరబుల్. అడిగేది చిన్నది, ఇచ్చేది పెద్దది, చాటుమాటు వ్యవహారం లేదు. కొత్త మాడ్యూల్ రాసేటప్పుడు నేను మొదట ఇలా కుదురుతుందా అని చూస్తాను. క్లాసు మెథడ్లు తప్పవనుకున్నప్పుడే ఇన్‌క్లూడెడ్, అందులోనూ రెండు మూడు లైన్లకి మించకుండా. హుక్‌లో డేటాబేస్ తెరవడం, ఫైలు చదవడం లాంటివి కనిపిస్తే రివ్యూలో వెనక్కి పంపిస్తాను. ఫైలు లోడ్ అవుతున్నప్పుడే ఆ పని నడుస్తుందని, ఒక్క టెస్ట్ నడపాలన్నా డేటాబేస్ ఉండాల్సొస్తుందని రాసినవాడికి తట్టి ఉండదు.

ఎవరో రాసిన హుక్‌లతో మీరు కుస్తీ పడుతుంటే కన్సోల్‌లో మూడు ప్రశ్నలు అడగండి. క్లాసుని 'యాన్సెస్టర్స్' అడిగితే ఎవరెవరు ఏ వరసలో ఉన్నారో చెబుతుంది. అనుమానం ఉన్న మెథడ్‌ని 'మెథడ్' ద్వారా పట్టుకుని 'ఓనర్' అడిగితే ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలుస్తుంది. 'సోర్స్_లొకేషన్' అడిగితే ఏ ఫైలు, ఏ లైను అన్నది చేతిలో పెడుతుంది. హుక్ ఎవరివల్ల పలికిందో తెలియాలంటే దాని లోపల తాత్కాలికంగా 'పుట్స్ కాలర్' అని ఒక లైను వెయ్యండి. ఏ ఫైలులోని ఏ ఇన్‌క్లూడ్ దాన్ని మోగించిందో మొత్తం దారి కనిపిస్తుంది.

మా కుర్రాడు ఆరోజు తీసేసిన మూడు లైన్లూ వెనక్కి పెట్టాడు. వాటి పైన ఒక కామెంటు కూడా రాశాడు: "దీన్ని మనం పిలవం, రూబీ పిలుస్తుంది. వెతికితే దొరకదు. తీసెయ్యొద్దు."